బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది సరే, లోడు సంగతేంటి?

రాత్రి పదకొండు దాటాక నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. "అన్నా, బండి బోల్తా పడింది. డ్రైవర్‌కి ఏం కాలేదు. మనది ఫుల్ ఇన్సూరెన్సే కదా, లోడుకు కూడా వస్తుంది కదా?" డ్రైవర్ బాగున్నాడనగానే ఊపిరి పీల్చుకుంటాను. ఆ చివరి ప్రశ్నకు ఎలా జవాబు చెప్పాలో మాత్రం పదహారేళ్లయినా నాకు అలవాటు కాలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో సరుకు బండ్లకు ఇన్సూరెన్స్ చేయిస్తుంటాను. నా దగ్గరికొచ్చేది ఒకటి రెండు బండ్లున్నవాళ్లు. చాలామంది ఓనరూ తామే, డ్రైవరూ తామే. తోలేది అర్జెంట్ లోడ్లు. హైదరాబాద్ నుంచి మందుల పెట్టెలు, కొరియర్ పార్సిళ్లు, ఆగిపోయిన మెషిన్లకు స్పేర్లు, భీమవరం నుంచి ఐసులో రొయ్యలు, హేచరీ నుంచి చెరువుకు రొయ్య సీడు (రొయ్య పిల్లలు). రాత్రి ఎక్కిస్తే తెల్లారేసరికి దించాలి. ఈ లోడ్లకు బరువు తక్కువ, ఖరీదు ఎక్కువ. ఎనిమిది లక్షల పికప్‌లో పాతిక లక్షల మందులు వెళ్తుంటాయి. బండిని మాత్రం కళ్లలో పెట్టుకుని చూసుకుంటారు. లోపల ఎంత విలువైన సరుకుందో చాలామంది అడగనే అడగరు.

అపోహ: ఫుల్ ఇన్సూరెన్స్ అంటే అన్నీ కవర్ అవుతాయి

"ఫుల్ ఇన్సూరెన్స్" అనే పాలసీయే లేదు. అది టీ కొట్టు దగ్గర పుట్టిన మాట. మీ చేతిలో ఉన్నది ప్యాకేజీ పాలసీ. మన బండికి జరిగే నష్టం ఒక భాగం, మన బండి వల్ల బయటివాళ్లకు, అంటే థర్డ్ పార్టీకి, జరిగే నష్టం రెండో భాగం. లోడు ఈ రెండింట్లోనూ లేదు.

కొందరు ఇక్కడ పాలసీ కాగితం తీసి వేలు పెట్టి చూపిస్తారు. "ఇదిగో, థర్డ్ పార్టీ ప్రాపర్టీ ఏడున్నర లక్షలని రాసుంది. లోడు నాది కాదు కదా, వేరేవాళ్ల ప్రాపర్టీయే కదా?" తెలివైన ప్రశ్నే, కాదనను. కానీ ఆ పాలసీలోనే ఇంకో మాట ఉంది. మీ స్వాధీనంలో ఉన్న ఆస్తికీ, మీ బండిలో తీసుకెళ్తున్న ఆస్తికీ ఇది వర్తించదని. ఆ ఏడున్నర లక్షలు మీరు గుద్దిన కారుకు, పడగొట్టిన గోడకు, విరగ్గొట్టిన కరెంటు స్తంభానికి. వెనక డోరు లోపల ఉన్న పెట్టెలకు కాదు.

ఈ నమ్మకం ఎందుకు పోదో నాకు తెలుసు. 7,500 కిలోల లోపు నాలుగు చక్రాల సరుకు బండికి ఒక్క థర్డ్ పార్టీ ప్రీమియమే 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం 16,049 రూపాయలు. దాని మీద పన్ను, మన బండి నష్టం కోసం కట్టే ఓన్ డ్యామేజీ ప్రీమియం. ఇంత కట్టాక కూడా లోడుకు రాదంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అయితే ఆ 16,049 ఎక్కువగా ఉన్నది మనుషుల కోసం. మీ బండి కింద పడి మనిషి పోతే ట్రిబ్యునల్ ఎన్ని లక్షలు వేసినా కంపెనీయే కట్టాలి, దానికి పరిమితి లేదు.

ఇప్పుడు ఒకాయన సంగతి చెప్తాను. పద్నాలుగడుగుల క్లోజ్డ్ కంటైనర్ బండి, ఫైనాన్స్‌లో ఉంది. ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు అటాచ్ చేసి హైదరాబాద్ – విజయవాడ మందుల లోడ్లు తోలేవాడు. సూర్యాపేట దాటాక వానలో డివైడర్ ఎక్కి బండి పక్కకు పడింది. కిరాయి 11 వేలు. ఇన్‌వాయిస్ 23 లక్షలు. బండి రిపేరు క్లెయిమ్ నెలన్నరలో వచ్చేసింది. అప్పుడు నాకు స్వీట్ బాక్స్ కూడా తెచ్చాడు, నేను తిన్నాను.

సగం పెట్టెలు తడవనే లేదు. అయినా మందుల కంపెనీ మొత్తం లోడు వెనక్కి తీసుకోనంది. ఎక్కడ పడ్డాయో, ఎంత వేడిలో ఉన్నాయో తెలియని మందుల్ని మళ్లీ షాపులకు పంపరు. ఒక విధంగా అది మన మంచికే. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఆ నష్టమంతా ఈయన ఖాతాలో వేస్తూ డెబిట్ నోటు రాసి, రావాల్సిన మూడు నెలల కిరాయి బిల్లులు ఆపేసింది. ఈఎంఐలు ఆగాయి. తర్వాత ఇంట్లో బంగారం తాకట్టుకు వెళ్లింది. ప్లాస్టిక్ కవర్లో కాగితాలన్నీ పెట్టుకుని నా దగ్గరికొచ్చి, "అన్నా, ఏదో ఒక లైను ఉంటుంది, చూడు" అన్నాడు. చూశాను. అలాంటి లైను లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పేయాలి. ఆ ముందు ఏడాది రెన్యూవల్‌కి ఫోన్ చేసినప్పుడు లోడుకు కూడా పాలసీ తీసుకోమని ఒక మాట అన్నాను. "వచ్చే సంవత్సరం చూద్దాంలే అన్నా" అన్నాడు. నేనూ సరేనని ఫోన్ పెట్టేశాను. ఇంకో రెండు నిమిషాలు మాట్లాడాల్సింది.

అపోహ: కిరాయికి పది రెట్లు కడితే చాలు, చట్టం ఉంది

ఇది సగం నిజం, అందుకే మరీ ప్రమాదం. క్యారేజ్ బై రోడ్ చట్టం 2007లో వచ్చింది, 2011 మార్చి నుంచి అమలవుతోంది. దాని రూల్స్ ప్రకారం సరుకు పోతే కామన్ క్యారియర్ (కిరాయికి ఎవరి సరుకైనా తీసుకెళ్లే రవాణాదారు) బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. అదీ పార్టీ రాసిచ్చిన సరుకు విలువను మించకూడదు. ఈ లెక్కన మా కంటైనర్ బండాయన కట్టాల్సింది లక్షా పది వేలే. ఈ లెక్క ఆయనకు ఆటోనగర్‌లోనే ఎవరో చెప్పారు, వారం రోజులు దాన్ని పట్టుకునే నిద్రపోయాడు.

కానీ సరుకు పంపే పార్టీ హయ్యర్ రిస్క్ రేటు, అంటే ఎక్కువ బాధ్యతకు ఎక్కువ కిరాయి, కడతానని ఒప్పుకుంటే ఈ పరిమితి ఉండదు. ఈ చట్టం కింద కామన్ క్యారియర్‌గా రిజిస్టర్ కావాల్సినది బిల్టీ (సరుకు రసీదు) రాసే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. అటాచ్ బండివాడికి ఆ రిజిస్ట్రేషన్ సాధారణంగా ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, బండి అటాచ్ చేసేటప్పుడు ఆఫీసులో సంతకం పెట్టిన స్టాంపు పేపరు. మా వాడి పేపర్లో ఏడో పాయింటు ఇది: దారిలో సరుకుకు జరిగే నష్టమంతా బండి ఓనరే పూర్తిగా భరించాలి. ఆయన అది చదవలేదు. "అందరూ పెట్టారన్నా, నేనూ పెట్టా" అన్నాడు. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు కొత్తగా వచ్చినా పాలసీ కంటే ముందు ఆ పేపరు ఫోటో పంపమంటాను.

ఇంకో తేడా కూడా తెలుసుకోండి. ఈ చట్టం కింద సరుకు పోయిందని దావా వేసే పార్టీ మీ తప్పును రుజువు చేయక్కర్లేదు. అల్లర్లు, యుద్ధం, ప్రకృతి వైపరీత్యం లాంటి కొన్ని కారణాలు తప్ప సరుకు చేరకపోతే క్యారియర్‌దే బాధ్యత. "ఎదుటివాడు రాంగ్ రూట్లో వచ్చాడు సార్" అనే మాట పోలీస్ స్టేషన్లో పనికొస్తుంది గానీ ఇక్కడ పెద్దగా పనికిరాదు.

అపోహ: సరుకు పార్టీకి ఇన్సూరెన్స్ ఉంది, మనకెందుకు

ఇది చెప్పేవాళ్లలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు గుమాస్తాలు ముందుంటారు. "పెద్ద కంపెనీ బాబాయ్, వాళ్లకు ట్రాన్సిట్ పాలసీ ఉంటుంది, నువ్వు లోడు ఎత్తు." నిజమే, ఉంటుంది. ఆ పాలసీ డబ్బు సరుకు కంపెనీకి వస్తుంది. డబ్బిచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ ఊరుకోదు, పార్టీ దగ్గర సబ్రొగేషన్ లెటర్ మీద సంతకం తీసుకుని, పార్టీ స్థానంలో నిలబడి క్యారియర్ మీదికి వస్తుంది. 2010లో నూలు లోడు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ హక్కు గురించి వివరంగా చెప్పింది. బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు నోటీసు ఇవ్వవచ్చు. అంటే యాక్సిడెంట్ మర్చిపోయి, బండి రంగు కూడా వేయించుకున్నాక రిజిస్టర్డ్ పోస్టు వస్తుంది. వచ్చిన నోటీసును తీసుకోకుండా వెనక్కి పంపితే సరిపోతుందనేది మరో పుకారు. దయచేసి అలా చేయకండి.

మీకు కాస్త బేరమాడే బలం ఉంటే ఒకటి అడగండి. సరుకు పార్టీ తన పాలసీలో క్యారియర్ మీద సబ్రొగేషన్ హక్కు వదులుకునేలా రాయించుకోవచ్చు. చిన్న బండివాళ్లకు చాలాసార్లు ఒప్పుకోరు. అడిగితే పోయేదేం లేదు.

మరి తీసుకోవాల్సింది ఏది?

క్యారియర్స్ లీగల్ లయబిలిటీ పాలసీ. బండికి యాక్సిడెంట్ అయినా, మంటలు అంటుకున్నా, అందువల్ల లోడు పాడై మీ మీద బాధ్యత పడితే ఇది కడుతుంది. ఏజెంట్లు దీని గురించి ఎక్కువగా మాట్లాడరు. కమిషన్ చిన్నది, పని పెద్దది.

కంపెనీ గరిష్ఠంగా ఎంత కడుతుందనే లిమిట్ దగ్గరే అందరూ తప్పు చేస్తారు. "ఐదు లక్షలకు చేసెయ్ అన్నా, ప్రీమియం తక్కువ పడుతుంది." మీరు తోలే లోడ్ల సగటు విలువ ఐదు లక్షలే కావచ్చు. కానీ బోల్తా పడే రోజు బండిలో సగటు లోడే ఉండాలని రూలేమీ లేదు. సరుకు విలువ మాకెలా తెలుస్తుందంటారు. 50 వేలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద రవాణా కాగితం) ఉంటుంది, డ్రైవర్ దగ్గరే ఉంటుంది, దాని మీద విలువ ఉంటుంది. గత ఆరు నెలల ఈ-వే బిల్లులు తిరగేయండి. అందులో అన్నిటికంటే పెద్ద అంకె మీ లిమిట్. అంతకంటే పెద్ద లోడు వస్తే ఎక్కించే ముందే లిమిట్ పెంచుకోండి.

మినహాయింపులు కూడా చదవండి. దొంగతనం చాలా పాలసీల్లో మామూలుగా ఉండదు, విడిగా అడగాలి. ఫ్రీజర్ బండి అయితే మెషిన్ ఆగిపోయి సరుకు పాడైతే వస్తుందా రాదా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. "వస్తుంది సార్" అని ఏజెంట్ నోటితో చెప్పిన మాటకు విలువ లేదు, చెప్పింది నేనైనా సరే.

అపోహ: లేటయితే కూడా క్లెయిమ్ వస్తుంది

రాదు. కోనపాపపేట వైపు హేచరీ నుంచి భీమవరం చెరువుకు సీడు తెచ్చే బండి ఒకటి రావులపాలెం దగ్గర ట్రాఫిక్‌లో నాలుగు గంటలు ఆగింది. సంచుల్లో ఆక్సిజన్ అయిపోయింది. గట్టు మీద విప్పితే రొయ్య పిల్లంతా చచ్చి అడుగున పడి ఉంది. బండికి గీత కూడా పడలేదు. యాక్సిడెంట్ లేదు కాబట్టి పాలసీ లేదు. రైతు గట్టు మీద కూలబడ్డాడు, డ్రైవర్ ఆయన పక్కనే కూర్చున్నాడు. ఈ రకం లోడ్లకు దిక్కు బిల్టీయే. ఎన్ని గంటల ఆలస్యం వరకు సరేనో అందులో ముందే రాయించుకుంటే, ఆ గడువులోపు ఆలస్యానికి క్యారియర్ బాధ్యత కిరాయి మొత్తం వరకే ఉంటుంది. రాయించుకోకపోతే మీ ఇష్టం.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

కారు లైసెన్సుతో సరుకు బండి నడిపితే క్లెయిమ్ పోతుందని ఇంకా భయపడుతున్నారు. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు తేల్చేసింది. లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండిని ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్సుతో నడపవచ్చు. దాన్ని చూపించి పెద్ద లారీ మాత్రం ఎక్కకండి.

వెనక నలుగురిని ఎక్కించుకోవడం. సరుకు ఓనరు గానీ, ఆయన పంపిన మనిషి గానీ సరుకుతో పాటు వస్తే వాళ్లకు 1994 సవరణ నుంచి కవర్ ఉంది. పెళ్లివాళ్లకు, దారిలో చెయ్యెత్తినవాళ్లకు లేదు. ఏమైనా అయితే ఆ డబ్బు మీ దగ్గరే వసూలు చేస్తారు.

పర్మిట్ లేకపోయినా థర్డ్ పార్టీకి వస్తుందంటారు. బాధితుడికి కంపెనీ ముందు కట్టి, తర్వాత మీ మీద రికవరీ వేస్తుంది. అది రావడం కాదు, అప్పు.

బంపరు, లైట్లు, టైర్లు, పెయింటు. ఐఎంటీ 23 అనే అదనపు క్లాజుకు విడిగా కట్టకపోతే సరుకు బండికి వీటిని మామూలుగా ఇవ్వరు. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

సెకండ్ హ్యాండ్ బండి కొంటే 14 రోజుల్లో పాలసీ మీ పేరుకు మార్పించండి. మార్చకపోతే థర్డ్ పార్టీ నడుస్తుంది గానీ, మీ బండి రిపేరుకు రూపాయి రాదు.

బండి పడ్డాక జేసీబీ తెచ్చి రోడ్డు క్లియర్ చేయించే తొందరలో లోడును ఎవరికో అప్పజెప్పేస్తుంటారు. ముందు ఫోటోలు, వీడియో తీయండి, పోలీసులకు చెప్పండి, కంపెనీకి అదే రాత్రి ఇంటిమేషన్ ఇవ్వండి. నష్టం లెక్కగట్టే సర్వేయర్ చూడకముందే తడిసిన పెట్టెలు, బాగున్న పెట్టెలు కలిపేస్తే తర్వాత ఎవరూ విడదీయలేరు.

కంటైనర్ బండాయన ఇంకా నా దగ్గరే ఉన్నాడు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుతో పంచాయితీ పెట్టి కొంత తగ్గించుకుని, మిగతాది రెండేళ్లలో కట్టాడు. ఇప్పుడు లోడు పాలసీ 25 లక్షలకు ఉంది. ప్రతి లోడుకూ ఈ-వే బిల్లు ఫోటో నాకు వాట్సాప్‌లో పెడతాడు, అర్ధరాత్రయినా సరే. మొన్న 31 లక్షల లోడు వచ్చింది. "ఎక్కించమంటావా అన్నా?" అని మెసేజ్. లిమిట్ పెంచినట్టు రేపు ఎండార్స్‌మెంట్ వచ్చాక ఎక్కించమన్నాను. ఆ లోపు పక్క బండివాడు ఎత్తుకుపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.