అవ్వ నీళ్ళ మాత్ర ఎందుకు ఎగ్గొట్టింది?

హార్ట్ ఫెయిల్యూర్ అనే జబ్బుకి గుండె డాక్టరు దగ్గరికి బయల్దేరే రోజునే నీళ్ళ మాత్ర, అంటే ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా తోసేసే మాత్ర, ఎగ్గొట్టే ముసలివాళ్ళు మన చిత్తూరు వైపు తక్కువేం కాదు. పలమనేరులో బస్సెక్కితే తిరుపతి చేరడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ఫ్యూరోసెమైడ్ లాంటి మాత్ర గంటలోపే పని మొదలుపెట్టి, నాలుగైదు గంటలు బాత్రూం చుట్టూ తిప్పుతుంది. బస్సు ఆపమని అడగడానికి డెబ్బై ఏళ్ళ ఆడమనిషికి నోరు రాదు. అందుకే ఆ పూట మాత్రా లేదు, గుక్కెడు నీళ్ళూ లేవు. పెళ్ళిళ్ళు, సంతలు, తిరునాళ్ళు కూడా కలిపితే నెలలో ఎగ్గొట్టిన రోజులు బాగానే తేలతాయి. ఓపీలో డాక్టరు కాలి మీద వేలితో నొక్కుతాడు, గుంట పడుతుంది, నీరు చేరిందని డోసు పెంచుతాడు. మాత్ర సరిపోక కాదు, వేసుకోక అలా అయిందని ఆయనకి తెలీదు. ప్రయాణం రోజు ఇల్లు చేరాక వేసుకోవచ్చా అని అడిగితే, చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. కానీ ఆ మాట అడిగేదెవరు?

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని అందించలేకపోవడం. దాంతో ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో, పొట్టలో నీరు చేరుతుంది. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక ఇంకో దిండు పెట్టుకోవడం, అన్నం సయించకపోవడం దీని గుర్తులు. గుండెకి చేసే స్కాన్, ఎకో రిపోర్టులో అందరూ వెతికే అంకె ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్). ప్రతి దెబ్బకీ గుండె ఎడమ గదిలోని రక్తంలో ఎంత శాతం బయటికి పోతోందో చెబుతుంది. 40, అంతకన్నా తక్కువైతే పంపింగ్ బాగా తగ్గినట్టు. అయితే ఏళ్ళ తరబడి బీపీ, షుగరు ఉన్న పెద్ద వయసు ఆడవాళ్ళలో ఈ అంకె 60 ఉన్నా జబ్బు ఉండొచ్చు. అక్కడ గుండె పిండడం బాగానే ఉంటుంది, బిరుసెక్కి సరిగా వదులు కాదు, అదీ తంటా. "పంపింగ్ బాగుంది, వయసు మీద పడింది, ఆయాసం రాదా మరి" అని ఇంట్లోవాళ్ళు కొట్టిపారేసే కేసులు ఇవే.

తిరుపతిలో ఏ గుండె ఓపీ ముందు కాసేపు కూర్చున్నా ఒక తంతు కనిపిస్తుంది. డాక్టరు "ఆయాసం ఎట్లుందవ్వా?" అంటాడు. అవ్వ నోరు తెరిచేలోపే కొడుకు "పర్లేదు సార్, రాత్రిళ్ళు కొంచెం దగ్గుతాది" అంటాడు. బెంగళూరు నుంచి లీవు పెట్టి వచ్చిన కొడుకు, పాపం, వారంలో రెండుసార్లు ఫోన్లో విన్నదే చెబుతున్నాడు. బయటికొచ్చాక అవ్వ పక్కనున్నామెతో అంటుంది: "ఆ తెల్లమాత్ర ఏసుకుంటే కండ్లు తిరగతాయి మే, యాడ పడతానో అని బయం." ఆ ముక్క లోపల చెప్పాల్సింది. గుండెకి మేలు చేసే మందుల్లో చాలావాటికి బీపీ తగ్గించే గుణం ఉంది, లేచి నిలబడగానే తల తిరగొచ్చు. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవడం, మాత్రల వేళలు మార్చడం, డోసు సవరించడం లాంటి మార్గాలున్నాయి. తుంటి విరిగితే ఏమవుతుందో చూసిన ముసలామెకి గుండె కంటే పడిపోవడమే పెద్ద టెన్షన్. అది చాదస్తం కాదు, సరైన లెక్కే.

మోకాళ్ళ సంగతీ అంతే. నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఉప్పునీ నీటినీ ఒంట్లో పట్టి ఉంచుతాయి. నీళ్ళ మాత్ర ఒకవైపు తోడిపోస్తుంటే ఇవి ఇంకోవైపు నింపుతాయి. గుండె డాక్టరు మోకాళ్ళ గురించి అడగడు, ఎముకల డాక్టరు గుండె గురించి అడగడు. వాడే మాత్రలన్నీ, చివరికి నాటు మందులతో సహా, ఒకే సంచిలో వేసుకుని వెళ్ళడం మంచిది.

ఉప్పు తగ్గించమంటే సప్పిడి కూడు తినమన్నట్టు బాధపడతారు. వయసుతో నాలుకకి రుచి తెలియడం తగ్గుతుంది, వాళ్ళ బాధలో అర్థముంది. సంగటిలో ఉప్పు పెద్దగా ఉండదు. నంజుకునే ఊరగాయ, అప్పడం, వడియాల్లోనే ఉంటుంది. నిమ్మరసం, చింతపండు, అల్లం, మిరియాలు రుచిని కొంత నిలబెడతాయి. 'తక్కువ సోడియం' ఉప్పు మాత్రం డాక్టర్ని అడగకుండా కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది, ఒంట్లో పొటాషియం నిలిపి ఉంచే స్పైరనోలాక్టోన్ మాత్ర వాడేవాళ్ళకి అది ప్రమాదం. నీళ్ళ కట్టడి విషయంలో ఇప్పుడు కొంత సడలింపు వస్తోంది. 2025లో వెలువడిన ఒక డచ్ పరిశోధనలో, జబ్బు నిలకడగా ఉన్నవాళ్ళకి రోజుకి లీటరున్నర అని గీత గీసినా, గీయకపోయినా ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గీత గీసినవాళ్ళకి దాహం బాధ మాత్రం ఎక్కువ. అదీ నెదర్లాండ్స్ చలిలో. మన మే నెల ఎండలో ఎంత తాగాలో విడిగా అడిగి తెలుసుకోవాల్సిందే.

ముసలివాళ్ళకి ఎక్కువ కాలం బతకడం కంటే ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉండటమే ముఖ్యమని చాలామంది అనుకుంటారు. 2012లో అచ్చయిన ఒక యూరప్ అధ్యయనంలో 60 దాటిన హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్ని ఇదే అడిగారు: ఆరోగ్యం బాగుపడుతుందంటే ఆయుష్షులో కొంత వదులుకుంటారా? నాలుగింట మూడొంతుల మంది ససేమిరా అన్నారు. ఎవరు ఏమంటారో వయసును బట్టో, జబ్బు తీవ్రతను బట్టో ముందే కచ్చితంగా పసిగట్టడం కుదరలేదు. తిరుపతిలో అడిగితే జవాబు వేరేగా రావొచ్చు, ఐసీయూ వద్దు, ఇంట్లోనే ఉంచండి అనేవాళ్ళూ ఉంటారు. ఆ మాట ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే అడగాలి, వెంటిలేటర్ పక్కన నిలబడి కొడుకులు తేల్చుకునేది కాదు.

మా వైపు పెద్దవాళ్ళని ఏం కావాలని అడిగితే తరచూ వచ్చే జవాబు, కొండకి పోయి స్వామిని చూడాలని. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. గుండె జబ్బున్నవాళ్ళు కాలినడకన రావద్దని టీటీడీయే చెబుతోంది. అలాగని మొత్తానికే వద్దనక్కర్లేదు. జబ్బు నిలకడగా ఉండి డాక్టరు సరేనంటే బస్సులో వెళ్ళొచ్చు. 65 దాటినవాళ్ళకి విడిగా దర్శనం ఉంది. మాత్ర ఏ వేళకి మార్చుకోవాలో ముందే అడిగి పెట్టుకోవాలి. తిరిగొచ్చాక రోజూ పొద్దున్నే ఒంటికి వెళ్ళొచ్చి, ఏమీ తినకముందు బరువు చూసి గోడమీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాయాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయాలి.