దొంగ కళ్లు తెరిచేలోగా

చిరంజీవులకు,

సంక్రాంతికి వచ్చినప్పుడు గోడమీది పాత ఫోటో చూసి మీలో ఒకరు అడిగారు కదా: "తాతయ్యా, ఇందులో ఇంట్లోవాళ్లంతా ఉన్నారు. మరి తీసిందెవరు?" అరిసెల హడావిడిలో "కెమెరాయే తీసింది, పోరా" అనేశాను. నిజమే, కానీ జవాబు కాదు.

దాగుడుమూతల్లో దొంగ కళ్లు మూసుకుని పది లెక్కపెడతాడు, ఈలోగా మిగతావాళ్లు పరుగెత్తాలి. బటన్ నొక్కాక కాసేపు ఆగి దానంతటదే ఫోటో తీసే సెల్ఫ్ టైమర్ కూడా అంతే. కెమెరాయే దొంగ. కాకపోతే ఇక్కడ పరుగు దాక్కోవడానికి కాదు, కనబడటానికి.

పాత ఫిల్మ్ కెమెరాలకు చాలావాటికి లెన్సు పక్కన చిన్న మీట ఉండేది. దాన్ని తిప్పితే లోపల స్ప్రింగ్ బిగుస్తుంది. బటన్ నొక్కగానే స్ప్రింగ్ విప్పుకుంటూ పళ్లచక్రాలను తిప్పుతుంది. వదిలేస్తే మన దొంగ ఒకటి, అయిదు, పది అని తొండి చేస్తాడుగా! అందుకని ఒక బుల్లి ముక్క ప్రతి పన్నునూ ఆపి వదులుతూ, ఆపి వదులుతూ ఉంటుంది. ఆ జుర్‌ర్‌మనే చప్పుడు దొంగ పైకి లెక్కపెట్టడమే. పది సెకన్లయ్యేసరికి షట్టర్, అంటే వెలుగును ఆపే బుల్లి తలుపు, తెరుచుకుంటుంది. క్లిక్! అప్పటిదాకా ఫిల్ము ఏమీ చూడదు, చూసేది సెకనులో నూరో వంతో, ఇంకా తక్కువో.

గోడమీది ఆ ఫోటో మా మేనమామ తన యాషికా కెమెరాతో తీసింది. స్టాండు లేదు. పిట్టగోడ మీద పీట, పీట మీద బియ్యం మూట, మూటలో కెమెరాను గుచ్చి కూర్చోబెట్టేవాడు. మీట తిప్పి, పంచె ఎగ్గట్టి ఒకటే పరుగు. చప్పుడు వినగానే నాయనమ్మ "ఏమిట్రా అది?" అని అటు తిరిగేది. ఫోటోలో చూడండి, ఆవిడ చెవికమ్మ ఉంది, మొహం లేదు. రీలుకు 36 ఫోటోలే, ఇంకోటి తీయమంటే మామయ్య ససేమిరా అనేవాడు.

టైమర్ లేని రోజుల్లోనూ ఇలాంటి పరుగు ఉంది. 1839లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే యువకుడు లెన్సు మూత తీసి, ఎదురుగా వచ్చి కదలకుండా ఉండి, మళ్లీ వెళ్లి మూత పెట్టాడు. తన ఫోటో తానే తీసుకున్నాడు! జుట్టు చెదిరిపోయి ఉంటుంది, మధ్యలో కూడా నిలబడలేదు పాపం.

మీ ఫోన్లలో స్ప్రింగులు లేవు, 3 సెకన్లు, 10 సెకన్లు అని అడుగుతాయి. పదే పెట్టండి. ముందే ఒకరిని నిలబెట్టి వాళ్ల మొహం మీద ఫోకస్ చేయండి, లేకపోతే దొంగ వెనక గోడను పట్టుకుంటాడు. పరుగెత్తి వచ్చేవాళ్లకు చోటు వదలండి. అన్నట్టు, మీ నాన్నలు ఎన్ని ఫోటోల్లో ఉన్నారో ఎప్పుడైనా చూశారా? ఎప్పుడూ తీసేవాళ్లే అయిపోయారు. ఈసారి వాళ్లను మధ్యలో నిలబెట్టండి.

యాషికా ఇంకా బీరువా పై అరలోనే ఉంది. వేసవి సెలవులకొచ్చినప్పుడు దింపుదాం. ఫిల్ము లేకుండా వెనక తలుపు తెరిచి, మీట తిప్పి, బటన్ నొక్కి, లెన్సును వెలుగు వైపు పెట్టి లోపలికి చూడండి. లెక్క పూర్తికాగానే నల్లటి రేకులు విచ్చుకుని మూసుకుంటాయి. ఆ క్షణంలో మీరు గానీ రెప్ప వేశారో, మళ్లీ మీట తిప్పాల్సిందే.

మీ తాతయ్య