పైపు ఖాళీగా ఉండకూడదు పిల్లలూ

పిల్లలూ,

పెద్దోడు మొన్న ఫోన్లో అడిగినదానికి అప్పుడే జవాబు చెబుదామనుకున్నా గానీ, వెనకనుంచి మీ అమ్మ హోంవర్క్ హోంవర్క్ అని ఒకటే గోల, అందుకే రాస్తున్నా. వాడు అడిగింది ఏమంటే, "ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ, ఊళ్లో కేసీ కాలువ, ఇన్ని ఉండి కర్నూల్లో కొళాయి నీళ్లు కాసేపే ఎందుకొస్తాయి జేజినాయనా?" అని. మంచి ప్రశ్నే. నీళ్ల పైపుల దగ్గర ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైనోణ్ణి, నన్ను కాక ఇంకెవర్ని అడుగుతాడు.

ముందు ఒక లెక్క చేయండి. 2011 జనాభా లెక్కల్లో మన ఊరి జనం సుమారు నాలుగున్నర లక్షలు. డ్రైనేజీ పైపులున్న ఊరికి మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని కేంద్రం వాళ్ల లెక్క. గుణిస్తే రోజుకు ఆరు కోట్ల లీటర్లు, పైన కొంచెం. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. అంటే ఒక్క టీఎంసీ దగ్గరుంటే ఊరంతా ఏడాది దాటి తాగొచ్చు, వాడుకోవచ్చు. మన ఊరికి ఎగువన తుంగభద్ర మీదున్న సుంకేసుల బ్యారేజీలో పట్టేదే 1.2 టీఎంసీలు. కాగితం మీద సరిపోయింది చూడండి! కానీ ఆ నీళ్లు మన ఒక్కరివే కాదు, కింద రైతులున్నారు, ఎండకు ఆవిరయ్యేది ఉంది, ఏప్రిల్ వచ్చేసరికి నదిలో ఇసుక తేలుతుంది. అందుకే మునగాలపాడు దగ్గర సమ్మర్ స్టోరేజీ ట్యాంకు, అది కూడా అడుగంటితే హంద్రీ మీద పైన కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి నదిలోకి నీళ్లు వదిలించుకోవడం. ఎండాకాలం టెన్షన్ ఎండాకాలందే, దాన్ని కాదనను.

నేను చెప్పాలనుకునేది ఇంకోటి. వానాకాలంలో నది నిండా నీళ్లున్నప్పుడు కూడా కొళాయి కాసేపే వస్తుంది కదా? అప్పుడు కొరత నదిలో లేదు, భూమి కింద ఉంది.

ట్యాంకు నుంచి బయల్దేరిన నీళ్లన్నీ ఇళ్లకు చేరవు. దారిలో పోయేవీ లెక్కలోకి రానివీ కలిపి నూటికి ఇరవై లీటర్లు దాటకూడదని నియమం ఉంది, మన దేశంలో చాలా ఊళ్లలో అంతకంటే ఎక్కువే పోతాయి. పాత బీడు పైపులు ఎలా ఉంటాయో మీరు చూడలేదు. రెండు పైపులు కలిసే చోట జనపనార కుక్కి, సీసం కరిగించి పోసి, సుత్తితో కొట్టి బిగించేవాళ్లు. బయట చూస్తే ఆరంగుళాల పైపు, కోసి చూస్తే లోపల తుప్పు గడ్డలు గడ్డలుగా పేరుకుని, చెయ్యి పెడితే పిడికిలి కూడా దూరదు. అందులోంచి ఎన్ని నీళ్లు పోతాయి, మీరే చెప్పండి. ఆ తర్వాత వచ్చిన ఆస్బెస్టాస్ సిమెంటు పైపులకు తుప్పు పట్టదు గానీ పైన లోడు లారీ పోతే పగులుతాయి. ఇప్పుడు వేసేవి డీఐ పైపులు, అంటే బీడులా పెళుసుగా పగలని ఇనుము, ఇంకా నల్లటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులు, ఇవి చాలా నయం.

లీకు ఎక్కడుందో కనుక్కోవడం ఒక విద్య. నీళ్లు రోడ్డు మీదికి వస్తే ఎవరైనా చెబుతారు, రాకుండా లోపల్లోపలే మురిక్కాలువలోకి పోయేవే అసలు దొంగలు. బండ్ల రొద తగ్గాక రాత్రి పూట ఇనుప కడ్డీ ఒక కొన వాల్వు మీద ఆనించి, ఇంకో కొన చెవికి పెట్టుకుంటే, లీకు దగ్గర్లో ఉన్నప్పుడు సన్నగా సుయ్‌మని వినిపిస్తుంది. ఇప్పుడు దానికి మెషిన్లు వచ్చాయి. ఇంకా మంచి పద్ధతి ఏమంటే ఊరిని ముక్కలు ముక్కలుగా విడదీసి ముక్కకొక మీటరు పెట్టి, అర్ధరాత్రి రెండింటికి చూడటం. అందరూ నిద్రపోతున్నప్పుడు కూడా మీటరు గిరగిరా తిరుగుతోందంటే ఆ నీళ్లు తాగుతున్నది భూమే. కానీ దీనికి పైపులో ఇరవైనాలుగు గంటలూ నీళ్లుండాలి, మనకు చిక్కు అక్కడే.

చిల్లున్న పైపు నిండా ఒత్తిడితో నీళ్లుంటే లోపలి నీళ్లు బయటికి పోతాయి, నష్టమే గానీ జబ్బు రాదు. అదే వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అయిందనుకోండి, అదే చిల్లులోంచి బయట ఉన్నది లోపలికి వస్తుంది. బయట ఏముంటుంది? మన వీధుల్లో కొళాయి పైపు, మురిక్కాలువ పక్కపక్కనే పోతాయి, కొన్నిచోట్ల కాలువలోంచే ఇంటి కనెక్షన్ లాగేశారు. 2009 అక్టోబరులో వరదకు ఊరు మునిగినప్పుడు మీ నాయన "చుట్టూ ఇన్ని నీళ్లుండి తాగడానికి చుక్క లేదేంది" అని ఒకటే గొణుగుడు. మోటార్లు ఆగి పైపులు ఖాళీ అయ్యాక, చుట్టూ ఉన్న వరద నీళ్లే వాటికి శత్రువు.

దీనికి తోడు మనవాళ్లు కొళాయికి నేరుగా మోటారు తగిలిస్తారు. చిల్లు పడ్డ స్ట్రాతో బోండాం తాగి చూడండి, నీళ్లతో పాటు గాలి కూడా నోట్లోకొస్తుంది. మోటారు చేసేదీ అదే, కాకపోతే అక్కడ గాలి బదులు మురికి. పైగా చివరి ఇళ్లకు చుక్క అందదు. ఇది చేసేవాళ్లంతా మంచివాళ్లే, వాళ్ల బాధ వాళ్లది, అయినా నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మీ అమ్మకు చెప్పండి, కొళాయి నీళ్లు ముందు సంపులో పడనిచ్చి, సంపు నుంచి పైకి మోటారు పెట్టుకోమని. మూడు నెలలకోసారి ఆ సంపు కడగమని కూడా.

ఇరవైనాలుగు గంటలూ నీళ్లు మన దేశంలో అయ్యే పనేనా అంటారు చాలామంది. ఒడిశాలో పూరీ 2021లో చేసి చూపించింది, అక్కడ కొళాయి కింద గ్లాసు పెట్టి నేరుగా తాగొచ్చని ప్రకటించారు. పూరీ చేసింది మనం చేయలేమా?

కొత్త ఓవర్‌హెడ్ ట్యాంకు కడితే రిబ్బన్ కటింగ్ ఉంటుంది, ఫొటో పడుతుంది. తుప్పు పట్టిన వాల్వు మారిస్తే ఎవరు వస్తారు? అందుకే ఆ పని వెనక్కి వెనక్కి పోతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాములో గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది, గుర్తుందా? 1953 నాటి డ్యాము అది. వారం తిరిగేసరికి డ్యాము గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి బృందం పారే నీళ్లలోనే తాత్కాలిక గేటు దించి ఆపింది, శభాష్ అనాల్సిందే. అయినా అప్పటికే పదుల టీఎంసీలు వెళ్లిపోయాయి. మిగతా గేట్ల మీదా నమ్మకం చాలక 2025లో డ్యామును నిండా నింపకుండా 80 టీఎంసీల దగ్గరే ఆపారు. తెగింది గొలుసులో ఒక్క లింకు.

చిన్నదానికి ఒక మాట. నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తోందని తాగనంటున్నావట. పటిక వేసి మడ్డి దించి, ఇసుకలో వడగట్టాక క్లోరిన్ కలుపుతారు, కొసన ఉన్న ఇంటికి చేరేసరికి కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. వాసన గిట్టకపోతే బిందె మూత తీసి కాసేపు పెట్టు, పోతుంది. అసలు క్లోరినే లేకపోతేనే నాకు భయం. పరీక్ష చేసే చిన్న డబ్బా నా దగ్గర ఉంది, గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నకొద్దీ పసుపు రంగు తేలుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు మన వీధి మొదటింటి నీళ్లు, చివరింటి నీళ్లు తెచ్చి పెడతా. రెండింట్లో ఏది ఎక్కువ పసుపుగా వస్తుందో, ఎందుకొస్తుందో ఇప్పుడే రాసి పంపండి, ఇద్దరూ విడివిడిగా, కాపీ కొట్టకుండా.

మీ జేజినాయన