జైనబ్ పంపిన హారం

ప్రియమైన పిల్లలూ,

అస్సలాము అలైకుమ్. మొన్న ఫోన్లో మీలో ఒకరు అడిగారు, "నానమ్మా, ఇస్లాం చరిత్ర చదువుతుంటే అన్నీ యుద్ధాలే వస్తున్నాయి, బద్ర్, ఉహుద్, ఖందక్, హునైన్ అని. మరి ఆ ఇళ్లల్లో ఆడవాళ్ల సంగతి ఏంటి?" అని. ఆ ప్రశ్న విని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో నాలుగు మాటల్లో చెప్పేస్తే ఆ తల్లులకు అన్యాయం చేసినట్టు అవుతుందనిపించి ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా చివరిదాకా చదవండి.

అరబ్బీలో 'రహిమ్' అంటే తల్లి గర్భం. చుట్టరికానికి కూడా ఆ మాటే వాడతారు. మనం తెలుగులో పేగుబంధం అంటామే, అలాగన్నమాట. మన పెద్దవాళ్లు మాటిమాటికీ 'సిలా రహమీ' అంటుంటారు కదా, ఆ పేగుబంధాన్ని తెగనివ్వకుండా చూసుకోవడమే అది. ఖురాన్‌లో నాలుగో సూరా (అధ్యాయం) పేరే 'అన్నిసా', అంటే స్త్రీలు. దాని మొదటి ఆయతులోనే, అంటే మొదటి వాక్యంలోనే, ఈ గర్భసంబంధాల విషయంలో జాగ్రత్తగా ఉండమని ఉంది.

క్రీస్తు శకం 610లో హిరా గుహలో మొదటిసారి వహీ, అంటే దైవవాణి, వచ్చినప్పుడు ముహమ్మద్ ప్రవక్త (స) వణుకుతూ ఇంటికొచ్చి "నన్ను కప్పండి, నన్ను కప్పండి" అన్నారు. ఆయనకు ధైర్యం చెప్పింది భార్య ఖదీజా. ఆవిడ స్వయంగా వ్యాపారం నడిపిన మనిషి, మక్కా నుంచి సరుకు పంపించే ఇంటి యజమానురాలు. అల్లాహ్ మిమ్మల్ని ఎన్నటికీ చిన్నబుచ్చడు అని చెప్పి, ఎందుకు చిన్నబుచ్చడో కారణాలు ఒక్కొక్కటిగా ఎంచారు. వాటిలో మొట్టమొదటిది ఏంటో తెలుసా? "మీరు బంధుత్వాన్ని నిలబెడతారు" అని. బీదల బరువు మోయడం, అతిథులను ఆదరించడం, అన్నీ ఆ తర్వాతే. పదిహేనేళ్లు కాపురం చేసిన ఇల్లాలు భర్తలో అన్నిటికంటే ముందు చూసింది అదన్నమాట.

ఆయనకు ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందంటే, నా మట్టుకు నేను, ఆయన్ని పెంచిన ఆడవాళ్ల దగ్గర్నుంచే అంటాను. పుట్టకముందే తండ్రి పోయారు. ఆరేళ్లప్పుడు, మదీనా నుంచి తిరిగొస్తుంటే దారిలో అబ్వా అనే చోట తల్లి ఆమినా కూడా పోయారు. ఎడారి మధ్యలో, తల్లిని అప్పుడే మట్టిలో పెట్టిన పిల్లాణ్ణి మక్కా దాకా తీసుకొచ్చింది ఉమ్మె ఐమన్. ఆమె హబషా (ఇథియోపియా) నుంచి వచ్చిన నల్లజాతి స్త్రీ, ఆ ఇంట్లో బానిసగా ఉన్న మనిషి. ఆయన పెద్దయ్యాక ఆమెకు విముక్తి ఇచ్చారు, "మా అమ్మ తర్వాత అమ్మ" అని పిలిచేవారు. ఇక పసితనంలో ఆయనకు పాలిచ్చి పెంచిన పల్లెటూరి తల్లి హలీమా సంగతి మీకు తెలుసు. పాలిచ్చిన తల్లిని, ఆమె కూతుళ్లను పెళ్లాడకూడదని ఖురాన్ చెప్పింది, అంటే పాలబంధమూ రక్తబంధం లాంటిదే. 630లో హునైన్ యుద్ధంలో హలీమా వంశం వాళ్లు పట్టుబడితే, వాళ్లలో ఒక పెద్దావిడ "నేను మీ ప్రవక్తకు అక్కను" అంది. ఎవరూ నమ్మలేదు. ఆమె ఆయన ఎదుటికొచ్చి, చిన్నప్పుడు తాను చంకనెత్తుకుంటే ఆయన కొరికిన గాటు వీపు మీద చూపించింది. షైమా, హలీమా కూతురు. ఆయన గుర్తుపట్టి, తన దుప్పటి పరిచి దాని మీద కూర్చోబెట్టారు. "ఈ బందీల్లో మీకు పాలిచ్చిన వరస వాళ్లున్నారు" అని ఆ వంశం పెద్దలు వచ్చి అడిగాక సుమారు 6,000 మంది ఆడవాళ్లూ పిల్లలూ విడుదలయ్యారు. ఒక పల్లెటూరి ఇంటి పాలు, దాదాపు అరవై ఏళ్ల తర్వాత అంతమందిని కాపాడాయి.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్న కథ.

ప్రవక్త పెద్ద కూతురు జైనబ్. భర్త అబుల్ ఆస్, ఖదీజా సొంత చెల్లెలు హాలా కొడుకు. (మన ఊళ్లో హిందువుల ఇళ్లల్లో పిన్ని కొడుకంటే అన్నదమ్ముల వరస, అరబ్బుల్లో అది పెళ్లి వరసే.) వహీ రాకముందే జరిగిన పెళ్లి అది. తర్వాత జైనబ్ ఇస్లాం స్వీకరించారు, అబుల్ ఆస్ స్వీకరించలేదు. ఆమెను వదిలెయ్యి, మన ఖురైషు తెగలో నీకు నచ్చిన పిల్లనిచ్చి చేస్తామని మక్కా పెద్దలు అతని మీద ఎంత ఒత్తిడి పెట్టారో. నా భార్యకు బదులు ఇంకెవరూ నాకు అక్కర్లేదన్నాడు. ఇస్లాంలోకి రాలేదు, భార్యనూ వదల్లేదు.

624లో బద్ర్ యుద్ధం, మదీనాకు వెళ్లిపోయిన ముస్లింలకూ మక్కా వాళ్లకూ మధ్య. తండ్రి ఒక పక్క, భర్త ఎదుటి పక్క. జైనబ్ ఇంకా మక్కాలోనే ఉన్నారు. ఆ రోజులు ఆమె ఎలా గడిపి ఉంటారో, ఎవరు గెలిచారని కబురొస్తే ఏం చేసి ఉంటారో ఆలోచిస్తే నాకు గుండె పట్టేసినట్టుంటుంది. అబుల్ ఆస్ బందీగా పట్టుబడ్డాడు. బందీలను విడిపించడానికి ఇంటింటి నుంచి డబ్బు వస్తోంది. జైనబ్ పంపిన దాంట్లో ఒక హారం ఉంది. ఆమె పెళ్లికి ఖదీజా పెట్టిన హారం. ఖదీజా చనిపోయి అప్పటికి నాలుగైదేళ్లు.

ప్రవక్త ఆ హారం చూసి కరిగిపోయారు. అయినా హుకుం జారీ చేయలేదు చూడండి, ఆ పరిహారం అందరి హక్కు కదా. మీకు సమ్మతమైతే ఆమె మనిషిని విడిచిపెట్టి, ఆమె సొమ్ము ఆమెకు తిరిగి పంపండి అని తన వాళ్లను అడిగారు. వాళ్లు సరేనన్నారు. జైనబ్‌ను మదీనా పంపిస్తానని అబుల్ ఆస్ మాటిచ్చి వెళ్లాడు, మాట నిలబెట్టుకున్నాడు. ఆ ప్రయాణంలో కొందరు మక్కా వాళ్లు అడ్డగించి ఆమె ఒంటెను బెదరగొట్టారు, కడుపుతో ఉన్న మనిషి, ఆ బిడ్డను పోగొట్టుకున్నారు.

కొన్నేళ్లు మదీనాలో ఈమె, మక్కాలో అతను. ఒకసారి అతని వ్యాపార బిడారును ముస్లింలు పట్టుకుంటే, అతను తప్పించుకుని రాత్రిపూట మదీనా వచ్చి జైనబ్ తలుపు తట్టాడు. తెల్లవారి ఫజర్ నమాజులో ఆడవాళ్ల వరసలోంచి జైనబ్ గొంతు వినపడింది, "అబుల్ ఆస్‌కు నేను అభయం ఇచ్చాను" అని. ప్రవక్త నమాజు ముగించి, నేను విన్నది మీరూ విన్నారా, అల్లాహ్ సాక్షిగా నాకూ ఇప్పటిదాకా తెలియదు అన్నారు. ఆ అభయం చెల్లుతుందన్నారు. సరుకంతా, ఆఖరికి పాత తోలుతిత్తులు కూడా, తిరిగిచ్చేశారు. అతను మక్కా వెళ్లి ఎవరిది వాళ్లకు అప్పగించి, నా దగ్గర ఇంకెవరిదైనా బాకీ ఉందా అని అడిగి, లేదనిపించుకుని, అప్పుడు అందరి ముందూ కలిమా చదివి ఇస్లాం స్వీకరించాడు. మదీనాలో మళ్లీ ఇద్దరూ ఒక ఇల్లయ్యారు.

ఇంకో సంగతి మధ్యలో చెప్పాలి. మతం వేరైతే బంధం తెంచుకోవాలా అని మీ స్నేహితులు అడుగుతుంటారని మీరే చెప్పారు. ప్రవక్త ఆప్తమిత్రుడు అబూబక్ర్ కూతురు అస్మాకు అచ్చం ఇదే సమస్య వచ్చింది. ఇస్లాంలోకి రాని తల్లి కూతుర్ని చూడ్డానికి మదీనా వస్తే, లోపలికి రానివ్వచ్చో లేదోనని అస్మా ప్రవక్తను అడిగించారు. మీ అమ్మతో బంధం నిలుపుకో అన్నారు ఆయన. అంతే, దాంట్లో రెండో మాట లేదు.

అలాగని బంధం అంటే ప్రేమలు, కన్నీళ్లు మాత్రమే అనుకోకండి, హక్కు కూడా. ఉహుద్ యుద్ధంలో ప్రవక్త సహచరుడు సాద్ బిన్ రబీ చనిపోతే ఆస్తంతా అతని తమ్ముడు తీసేసుకున్నాడు. భార్య ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ప్రవక్త దగ్గరికొచ్చింది. వారసత్వపు ఆయతులు వచ్చాయి. కూతుళ్లకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు, మిగిలింది ఆ తమ్ముడికి. ఈ రోజుకీ మన ఇళ్లల్లో చెల్లెలు వాటా అడిగితే చుట్టరికం చెడగొట్టిందంటారు. చెడగొట్టింది ఇవ్వని అన్నయ్యే, ఈ విషయంలో నేనెవరి మొహమాటానికీ మాట మార్చను.

జైనబ్ ఎక్కువ కాలం బతకలేదు. హిజ్రీ 8వ ఏట (క్రీ.శ. 629-30) చనిపోయారు. ఆమె కూతురు ఉమామా అప్పటికి చిన్నపిల్ల. ప్రవక్త ఆ మనవరాలిని భుజాన వేసుకునే మస్జిదుకొచ్చి నమాజు చేయించేవారు. రుకూకి, సజ్దాకి వంగేటప్పుడు కింద దించి, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. వెనక వరసల్లో నిలబడ్డ వాళ్లు అది కళ్లారా చూశారు, చూసిన వాళ్లు చెప్పబట్టే మనకు తెలిసింది.

దువాలతో,
మీ నానమ్మ