తామర మీద పుట్టకొక్కుల (పుట్టగొడుగుల) ముద్ద: అపోహలు – వాస్తవాలు

విజయనగరంలో చర్మవ్యాధులు చూసే నాకు వానాకాలమంటే తామర కాలం. మొన్న శ్రావణంలో బొండపల్లి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. చీరకట్టు బిగిసే చోట నడుం చుట్టూ తామర, దాని మీద ఎండి పెచ్చుకట్టిన ముద్ద. ఇదేంటమ్మా అనడిగాను. "పుట్టకొక్కులు నూరి రాసీనాను బాబూ. మా కోడలు ఫోన్లో సూసింది. బూజుని బూజే తినీస్తాదట" అంది. ఇరవై రోజులు రాసిందట. ఆ మాటలో నిజం లేకపోలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

అపోహ: పుట్టకొక్కులు తింటే తామర వస్తుంది.

వాస్తవం: రాదు. రెండూ ఫంగస్‌లే (బూజు జాతివే) గానీ తిండి వేరు. ముత్యపుచిప్ప పుట్టగొడుగు వరిగడ్డి తిని బతుకుతుంది. తామర ఫంగస్‌కి మన చర్మం పైపొరలో, వెంట్రుకలో, గోరులో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్ కావాలి. అది ఒంటి నుంచి ఒంటికి, ఒకే తువ్వాలు ఇంటిల్లిపాదీ వాడితే తువ్వాలు నుంచి, ఆరని లోబట్టల నుంచి అంటుకుంటుంది. వంకాయ, గోంగూర, ఎండుచేప మానేసినా తగ్గదు.

అపోహ: పుట్టగొడుగులకు ఫంగస్‌ని చంపే గుణం ఉందన్నది వట్టి పుకారు.

వాస్తవం: ఇది చదువుకున్నవాళ్ల అపోహ. ముత్యపుచిప్ప రకం నుంచి ప్లూరోస్ట్రిన్ అనే చిన్న ప్రొటీన్‌ని వేరుచేశారు. అది ఆపిన ఫంగస్‌లలో ఒకటి మన వేరుశనగకి ఆకుమచ్చ తెచ్చేదే. 1977లో పైన్ చెట్టు కాయల మీద మొలిచే ఓ చిట్టి పుట్టగొడుగులో ఫంగస్‌ని అణచే స్ట్రోబిలురిన్ అనే పదార్థం దొరికింది. దాని నమూనాలో తయారైన అజాక్సీస్ట్రోబిన్ 1996లో మార్కెట్లోకొచ్చింది. వరిలో పాముపొడ తెగులుకి మన రైతులు కొడుతున్న మందే అది. (అది చేనుకి. ఒంటికి రాసుకోవచ్చా అని నన్నడిగినవాళ్లున్నారు, కాబట్టి చెబుతున్నాను: వద్దు.) పుట్టగొడుగు కాదు గానీ, 1939లో ఒక పెనిసిలియం బూజు నుంచి తీసిన గ్రిసియోఫుల్విన్ 1950ల చివర్లో తామరకి మాత్ర అయింది. బూజుని బూజు అణచడం, అంటే, వైద్యానికి పాత సంగతే.

అపోహ: అయితే నూరి రాస్తే సరి.

వాస్తవం: ల్యాబులో గాజుపళ్లెంలో ఫంగస్ పక్కనే రసం పోస్తారు, రెండూ నేరుగా తగులుతాయి. చర్మం అలా కాదు. దాని పైపొరలోకి చొరబడాలంటే అణువు బరువు సుమారు 500 డాల్టన్ల (అణువుల్ని తూచే కొలత) లోపు ఉండాలి. ప్లూరోస్ట్రిన్ దాదాపు 7000. ఇక మోతాదు చూడండి. తామరకి వాడే టెర్బినాఫిన్‌కి లొంగే ఫంగస్‌ని ఆ మందు మైక్రోగ్రాములో చిన్న వంతుతోనే ఆపేస్తుంది. ముడి రసాలకి తరచూ మిల్లీగ్రాములు కావాలి, అంటే వెయ్యి రెట్లు పైమాటే. మీ రోట్లో నూరిన ముద్దలో ఎంతుందో ఎవరు కొలిచారు? పైగా తడిముద్ద గజ్జల్లో, నడుం మడతల్లో నానితే తామరకి కావలసిన చెమ్మ మనమే ఇచ్చినట్టు. కూర వండుకు తిన్నా ఆ ప్రొటీన్ కడుపులో అరిగిపోతుంది. కూర మాత్రం మానకండి, రుచికి తినండి.

అడవిలోవి ఇంకా ఘాటుగా పనిచేస్తాయని ఏరుకొచ్చేవాళ్లకి ఒక్కటే మాట. ఏది విషమో చూసి పోల్చుకోలేం. ఆ చేత్తోనే అన్నం తింటాం.

ఉద్దానం వైపు జీడిపిక్క రసం రాసేవాళ్లనీ చూశాను. అది తామరతోపాటు చర్మాన్నీ కాల్చేస్తుంది. దానిముందు పుట్టకొక్కులు నయమే.

అసలు ఆవిడ నడుం పాడుచేసింది ముద్ద కాదు. అంతకుముందు రెండు నెలలు రాసిన, మూడు మందులు కలిపిన ట్యూబు. అందులో క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ ఉంది. దురద రెండో రోజుకే చల్లారుతుంది, ఫంగస్ లోపల హాయిగా పాకుతుంది, అంచు చెరిగిపోయి అది తామరని గుర్తుపట్టడమే కష్టమవుతుంది. చర్మం పల్చబడి చారలు పడతాయి. పైగా ఇప్పుడు మన దేశంలో టెర్బినాఫిన్‌కి లొంగని రకాలూ ఉన్నాయి.

సరైన మందు మచ్చకి రెండు సెంటీమీటర్లు అవతలి దాకా రాయాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపకూడదు. ఇంట్లో ఎవరికున్నా అందరూ ఒకేసారి చూపించుకోవాలి. వచ్చేటప్పుడు మీరు రాసిన ట్యూబు, ఖాళీదైనా సరే, పట్టుకురండి. తిట్టను. దాని మీద మందుల పేర్లు చదవాలి, అంతే.