బాయిలర్ గొట్టంలో గాలి లెక్క

ధనుర్మాసం వచ్చిందంటే కోనసీమ పెరళ్లలో రాగి బాయిలర్లు ఇప్పటికీ అక్కడక్కడా రాజుకుంటాయి. మధ్యలో నిలువు గొట్టం, దాని చుట్టూ నీళ్లు, అడుగున ఇనప ఊచలు. గొట్టంలోకి పైనుంచి కొబ్బరి డొక్కలు వేస్తారు. గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే పక్క మూతిలోంచి చెంబెడు వేన్నీళ్లు వస్తాయి. ఒకసారి అంటుకుందంటే మళ్లీ ఊదుగొట్టంతో పనిలేదు.

గాలిని లోపలికి పంపేది పెరట్లో ఉన్న చల్లగాలే. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 1.16 కిలోలు తూగుతుంది. అదే 200 డిగ్రీలకు వేడెక్కితే ముప్పావు కిలోనే. గొట్టంలో తేలిక గాలి, బయట బరువు గాలి. ఆ బరువే ఊచల కిందనుంచి తోసుకొస్తుంది. రెండడుగుల గొట్టానికి ఈ తోపు రెండున్నర పాస్కల్స్ (పీడనాన్ని కొలిచే లెక్క) ఉంటుందేమో, అంతే. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనమేమో లక్ష పాస్కల్స్ పైమాటే. ఇంత బక్క తోపు గనకే చిన్నదానికే చెడుతుంది. పచ్చి డొక్క వేశారనుకోండి, అందులోని నీరు ఆవిరవడానికే కిలోకు 2,260 కిలోజౌళ్ల వేడి ఖర్చు. గొట్టం చల్లబడుతుంది, తోపు తగ్గుతుంది, ఇక కళ్లమ్మట నీళ్లే.

కిలో ఎండుకట్టె కాలడానికి సుమారు ఆరు కిలోల గాలి కావాలి. పొయ్యిలో నిజంగా పట్టేది అంతకు రెట్టింపు దాకా ఉంటుంది. మరీ ఎక్కువైతే నీళ్లకు అందాల్సిన వేడి ఆకాశంలోకి పోతుంది. అందుకే మంట అందుకున్నాక కొందరు గొట్టం మీద మూత ఓరగా పెడతారు, కొందరు కింద బూడిద వాకిలి సగం మూస్తారు. నా ఓటు కిందిదానికే. కింద మూస్తే మంట నెమ్మదిస్తుంది గానీ ఉన్న పొగ పైకే పోతుంది. పైన మూస్తే అది మన మొహం మీదికొస్తుంది.

చలిదేశాల్లో కట్టెల హీటర్లకు 12 పాస్కల్స్ తోపు మామూలు లెక్క. అక్కడి ఇళ్లు బిగుతు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పొగ వెనక్కి తిరిగొచ్చే ప్రమాదముంది. అందుకని హీటరుకు నేరుగా బయటినుంచి గాలి గొట్టం పెడతారు. అదీ సర్వరోగ నివారిణి కాదు. ఈదురుగాలి ఇంటికి ఒక వైపు కొడుతుంటే రెండో వైపున్న గొట్టం గాలినివ్వకపోగా లాగేసుకోవచ్చు.

మన మండువా లోగిళ్లలో ఈ గొడవ లేదు. పెంకుల సందుల్లోంచి ఇల్లంతా గాలే. ఇప్పుడు స్లాబులూ అద్దాల కిటికీలూ వచ్చాయి. అలవాట్లు మాత్రం పాతవే. బాలింత గదిలో తలుపులు బిగించి నిప్పుల కుంపటి పెడతారు. పొగ లేదు కదా అని ధైర్యం. కణకణలాడే బొగ్గుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ బాగా వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కుంపటికి పొగగొట్టం ఉండదు, వచ్చిందంతా గదిలోనే. సాంబ్రాణి వేయాలనుకుంటే కిటికీలు తెరిచి వేసి, వెంటనే కుంపటిని వసారాలోకి తీసేయాలి.