టీకా ఆపేస్తేనే తెలిసేది

రిండర్‌పెస్ట్ అనే పశువుల ప్లేగు ఈ రోజు లోకంలో ఎక్కడా లేదు, 2011లో పూర్తిగా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనుషులు భూమ్మీద లేకుండా చేసిన రెండో రోగం ఇది. దానికి టీకా లేక ఇన్నాళ్ళు పట్టిందనుకుంటారు చాలామంది, కాదండీ. మన ఉత్తరాఖండ్‌లోని ముక్తేశ్వర్ పశువైద్య ల్యాబ్‌లో 1920ల్లోనే వైరస్‌ని మేకల్లో పెంచి బలహీనం చేసి టీకా తీశారు, 1954 నుంచి దేశమంతా పెద్ద ఎత్తున వేశారు కూడా, రోగం బాగా తగ్గింది, కానీ సున్నాకి మాత్రం రాలేదు, దశాబ్దాలు గడిచినా రాలేదు.

ఎందుకు రాలేదు అని అడిగేవాళ్ళే ఎపిడెమియాలజిస్టులు. ఒక్క గేదెకి వైద్యం చెయ్యడం వీళ్ళ పని కాదు, రోగం ఏ సంతలోంచి ఏ ఊరికి నడిచింది, ఎక్కడ దాక్కుంది అని చూస్తారు. 1992లో కొత్త ప్రాజెక్ట్ మొదలైనప్పుడు అన్ని పశువులకీ సూదులు వేసుకుంటూ పోవడం కంటే రోగాన్ని వెతకడం మీద దృష్టి పెట్టారు, ఊరూరూ తిరిగి అడిగారు, రక్తం నమూనాలు తీశారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దక్షిణాదిలో గొర్రెలు, మేకలు ముక్కు కారి, నోరు పూసి, పారుకుని చచ్చిపోతుంటే అది కూడా రిండర్‌పెస్టే అనుకునేవాళ్ళు. 1987లో తమిళనాడులోని అరసూర్‌లో గొర్రెలకొచ్చింది దాని చుట్టం లాంటి వేరే వైరస్ అని తేలింది, అదే పీపీఆర్, మన కాపర్లు పారుడు రోగం అంటారే అది. ఇది చిన్న విషయం కాదు, గొర్రెల్లో ఉన్నది నిజంగా రిండర్‌పెస్టే అయితే కోట్ల జీవాలకి కూడా ఆ టీకా వెయ్యాల్సి వచ్చేది.

1995లో తమిళనాడులో కనిపించిన కేసులే మన దేశంలో చివరివి. ఆ తర్వాత చేసిన పని నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది, టీకాలు ఆపేశారు. టీకా పడ్డ పశువు రక్తంలోనూ రోగం వచ్చి తగ్గిన పశువు రక్తంలోనూ ఒకే రకం యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యేవి) ఉంటాయి, రెండిటికీ తేడా తెలీదు, అందుకని టీకా వేస్తున్నంత కాలం వైరస్ ఉందో పోయిందో చెప్పలేం. ఆపేశాక పుట్టిన దూడలు పెరిగాక వాటి రక్తంలో యాంటీబాడీ లేదంటే వైరస్ వాటిని తాకలేదన్నమాట. తప్పయితే మళ్ళీ మందలకి మందలు పోతాయి, అది తెలిసీ ఆపారంటే తమ వెతుకులాట మీద వాళ్ళకి ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి. 2006లో మన దేశానికి రిండర్‌పెస్ట్ లేదని అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు వంతు పారుడు రోగానిది, 2030కల్లా లోకంలో లేకుండా చెయ్యాలని లక్ష్యం. 2019 పశుగణనలో దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం తెలంగాణ, తర్వాత ఆంధ్ర, కాబట్టి ఇది మన ఇంటి సంగతే. టీకా మంచిది, ఒక్కసారి వేస్తే మూడేళ్ళ దాకా కాపాడుతుంది. మరి ఇబ్బంది ఎక్కడంటే మందలో. వంద జీవాలకీ టీకా వేయించారు అనుకోండి, ఏడాదిలో ముప్పై అమ్ముడుపోయి ముప్పై పిల్లలు చేరితే టీకా పడ్డవి డెబ్భై, ఇంకో ఏడాదికి అదే లెక్కన నలభై తొమ్మిది. మందు పాడవలేదు, డాక్టర్ తప్పు చెయ్యలేదు, కానీ సగం మందకి రక్షణ లేదు. రెండేళ్ళ కిందటే అన్నిటికీ వేయించాం కదా అని కాపరి అంటే అబద్ధం కాదు, అయినా రోగం అంటుకోవడానికి సంతలోంచి తెచ్చిన ఒక్క పొట్టేలు చాలు.

అందుకే మందలోకి వెళ్ళినప్పుడు ఎన్నిటికి టీకా వేశారు అని కాక, ఆ తర్వాత ఎన్ని పిల్లలు పుట్టాయి, కొత్తవి ఎక్కణ్ణుంచి తెచ్చారు, మేతకి మందని ఏ దారిన తోలుకెళ్తారు అని అడగాలి, ఈ మూడూ కాపరికి వేళ్ళ మీద ఉంటాయి, ఏ రిజిస్టర్‌లోనూ దొరకవు.